బాపు పుర్రె మీద మచ్చ

ఆ రోజుల్లో మనిషి ఒంట్లో ఎముకలుంటాయని మా జహనుమా బస్తీలో అందరికీ తెలుసు గానీ, బతికున్న మనిషి ఎముకలన్నీ ఒక్కచోట చూసినవాళ్ళు మాత్రం లేరు. చూసిన మొదటి ఇల్లు మాదే. అందుకు మేం పెట్టిన ఖరీదు ఒక పాడి బర్రె. ఎనభైల చివర్లో సంగతి ఇది. నాకు ఇరవై రెండేళ్ళు, టెలిఫోన్ ఆపరేటర్‌గా కొత్త ఉద్యోగం, లోకంలో నాకు తెలియనిది లేదన్న పొగరు. (పొగరు ఇప్పటికీ ఉంది, మోకాళ్ళే సహకరించడం లేదు.)

మా బాపు సర్కారు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద టర్నర్. నెలల తరబడి నడుంనొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, పెద్దాసుపత్రి డాక్టరు రోగం ఎముకల్లోకి పాకిందేమో చూడాలి, ఒళ్ళంతా బోన్ స్కాన్ తీయించండి అన్నాడు. ఖర్చెంతో విని మా అమ్మ కొట్టం వైపు చూసింది. ముందు మనం కట్టుకోవాలి, తర్వాత కాయితాలన్నీ పెడితే ఫ్యాక్టరీ తరఫున బీమావాళ్ళు తిరిగి ఇస్తారు, అదీ పద్ధతి. ఉన్న రెండు బర్రెల్లో ఒకటి అలా పోయింది.

స్కాన్ రోజు బాపుకు ఏదో ఇంజెక్షన్ పొడిచి, మధ్యాహ్నం దాకా కడుపు పగిలేట్టు నీళ్ళు తాగించి, చల్లటి గదిలో సన్నటి బల్ల మీద పడుకోబెట్టారు. ఇనుప పళ్ళెం లాంటిదొకటి ఆయన ముఖం మీదుగా పాదాల దాకా, దేన్నో వెతుకుతున్నట్టు, చప్పుడు లేకుండా పాకింది. బాపు ఊపిరి కూడా దొంగతనంగా తీస్తున్నాడు. ఆ ఇంజెక్షన్ మందులో రేడియేషన్ ఉంటుంది, ఈ రోజంతా పసిపిల్లల దగ్గరికీ కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గరికీ పోవద్దని చెప్పి పంపారు. ఆ మాట మాకంటే ముందే బస్తీకి చేరింది. మేం ఆటో దిగేసరికి గల్లీ పొడుగునా తలుపులు మూసి ఉన్నాయి. రోజూ బాపు కాళ్ళకు చుట్టుకునే పిల్లలు కిటికీ చువ్వల వెనక నుంచి చూశారు. పక్కింటి భాయ్ ఒక్కడే దూరం నుంచి సలాం కొట్టి, మీ బాపు చీకట్లో మెరుస్తడా బేటీ అని నన్నడిగాడు. నాకు మండుకొచ్చి, మెరిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందిలే అన్నాను. కానీ పొద్దుగూకే వేళ కరెంటు పోయినప్పుడు, దీపం వెలిగించే ముందు నేనూ ఒకసారి బాపు మంచం వైపు చూశాను.

తర్వాత ఫిల్మ్ వచ్చింది. కిటికీ వెలుతురుకు పట్టుకుంటే నల్లటి చుక్కలు చుక్కలుగా ఒక అస్థిపంజరం నిలబడింది. భయం ఎక్కడంటే, అది మాకు తెలిసిన మనిషిది. ఏళ్ళ తరబడి మిషను ముందు నిలబడి ఒక పక్కకు వాలిపోయిన భుజం, అచ్చం బాపుదే. ఆయన దాని పక్కనే నిలబడి అలాగే వాలి చాయ్ తాగుతున్నాడు. రిపోర్టులో ఎముకలకు రోగమేమీ లేదని, నడుం దగ్గర అరుగుదల అని రాశారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం, బాపు వాళ్ళమ్మ, మా నాయనమ్మ తప్ప. ఫిల్మ్ బీమా ఆఫీసులో ఇవ్వాలని విన్న దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించలేదు. కొడుకు బొక్కలు పరాయోళ్ళ చేతుల్ల పెడతరా, ఏ పాపిష్టి కండ్లు పడతయో, ఎవడు బాణామతి చేస్తడో అని ఒకటే గొణుగుడు. బీమా ఆఫీసులో బాణామతి తెలిసినవాడుంటే ముందు వాడి పై ఆఫీసరుకే చేసుకుంటాడని చెప్పి నోరు మూయించాను. గెలిచాననే అనుకున్నాను.

నెల తర్వాత బీమా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. పోతే, అక్కడి గుమస్తా డబ్బు ఊసెత్తకుండా నాకు కుర్చీ వేశాడు. (బీమా ఆఫీసులో కుర్చీ వేశారంటే ఏదో చావుకబురే.) పుర్రె మీద, కుడి కణత దగ్గర నల్లమచ్చ ఉందని వాళ్ళ డాక్టరు పట్టుకున్నాడట. రిపోర్టులో దాని మాటే లేదు. రెండూ కలవకపోతే బిల్లు పాసు కాదు, మీ ఖర్చుతో మళ్ళీ స్కాన్ తీయించి తెండి అన్నాడు. ఫిల్మ్ నా చేతికిస్తూ, ఫికర్ నక్కో కరో అమ్మా, దిగులు పడకు అని జాలిగా అన్నాడు. వెలుతురుకు పెట్టి చూశాను. మచ్చ ఉంది. ఇంట్లో చూసినప్పుడు లేదు. ఫైల్లో పడున్న ఫిల్మ్‌లో రోగం దానంతటది పెరిగిందన్నమాట.

నాయనమ్మకు తెలియనివ్వొద్దని బాపు మా చేత ఒట్టు వేయించుకున్నాడు. మర్నాటి నుంచే ఆయనకు కణత నొప్పి మొదలైంది, సరిగ్గా మచ్చ ఉన్న చోటే. చాయ్ తాగుతూ తాగుతూ ఆగిపోయి, లోపల ఏదో కదులుతున్నట్టు తల ఒక పక్కకు వంచి వినేవాడు. ఆయన వింటుంటే మేమూ కదలకుండా వినేవాళ్ళం. అమ్మ రెండో బర్రెకు బేరం పెట్టింది. అది తెలిసిన రోజు బాపు అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా అన్నాడు.

"నా తల్కాయ పోతే పోనీ. బర్రెను అమ్మకుండ్రి. నేను పోయినంక మీరేం తింటరు?"

బర్రెను తోలుకుపోయేవాడు వస్తానన్న పొద్దున, నేను ఫిల్మ్ చంకలో పెట్టుకుని స్కాన్ తీసిన ఆసుపత్రికి దబాయించడానికి పోయాను. అక్కడి డాక్టరమ్మ దాన్ని వెలుగుపెట్టె మీద బిగించింది. ఆమె ఫిల్మ్‌ను వాలుగా వంచి చూసి, బొటనవేలితో మచ్చను ఒత్తింది. మచ్చ సాగింది. వేలు నల్లగా అయింది. వాసన చూసి నా ముఖం ముందు పెట్టింది. ఆముదం దీపం మసితో మా ఇంట్లో పట్టే కాటుక వాసన!

"మీ ఇంట్ల ముసలోళ్ళున్నారా అమ్మా?" అంది.

ఆమె దూదితో తుడిచి, ఫిల్మ్ శుభ్రంగా ఉందని రెండు ముక్కలు రాసి ముద్ర వేసి ఇచ్చింది. నేను గల్లీ మొదటి నుంచే అరుచుకుంటూ వచ్చాను. బర్రె పోయేది, బాపు ప్రాణం పోయేది, అంతా నీ చుక్క వల్లే అని నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"వాని బొక్కలు ఒంటిగ పోతున్నయ్, తోడు నేను లేను. దిష్టిచుక్కన్న పెట్టకుంట పంపుతనా బిడ్డా?"

బాపు ముందు నవ్వాడు, తర్వాత కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. కణత నొప్పి ఎటు పోయిందో మేమెవరం మళ్ళీ అడగలేదు. బేరగాడు వస్తే వాకిట్లోంచే పంపేశాడు. నాయనమ్మకు మాత్రం ఒకటే దిగులు, తుడిచేశారా అని. ఫిల్మ్ మళ్ళీ ఆ ఆఫీసుకే పోతుందని తెలిసి కాటుక డబ్బీ తీసింది. నేను నోరు తెరిచేలోపే బాపు, యాభై దాటిన మనిషి, ఆమె ముందు గొంతుక్కూచుని నుదురు ముందుకు పెట్టాడు.

"దానికొద్దమ్మా. నాకు పెట్టు."

ఆ చుక్కతోనే డ్యూటీకి పోయాడు. బీమావాళ్ళు కొంత కోసి, కొంత ఏడిపించి, మొత్తానికి డబ్బిచ్చారు. ఆ రోజు వాకిట్లో కాళ్ళు నేలకేసి కొట్టిన ఆ కోపిష్టి పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంతసేపు అరిచింది గానీ, నాకూ ఒకటి పెట్టవే నాయనమ్మా అని అడగడానికి దానికి పొగరు అడ్డొచ్చింది.