గ్రేవీ చల్లారేదాకా ప్రార్థన

మా టాల్బర్ట్ రేవులో పత్తిమిల్లు మూతపడి, రైలు ఆగడం మానివేసి, కొత్త రహదారి ఊరిని తప్పించుకొని పోయి, జనాభా సగమై, మిసిసిపీ నది సైతం మమ్మల్ని చూసి ఆవలి ఒడ్డుకు ఒత్తిగిలిన ఈ పదిహేనేళ్లలో, తరగక నానాటికీ పెరుగుతూ వచ్చినది ఒక్కటే: వెర్బీనా హ్యాడ్లీ భోజనశాలలో లెమ్యూల్ పర్విస్ గారు చేసే భోజనప్రార్థన.

అక్కడ ఎవరి పళ్లెం వారికి విడిగా వడ్డించి తేరు. మధ్యాహ్నం పన్నెండుకు గంట మోగగానే పన్నెండుమంది ఒకే గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుంటారు. ఊరివారి మోచేతిని ఆనుకొని దారిన పోయే ప్రయాణికుడి మోచెయ్యి. నడుమ తిరిగే చెక్క మీద వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, బెండకాయ వేపుడు, చిలగడదుంపలు, గ్రేవీ. ‘ఆమెన్’ వినపడేదాకా గరిటె కదలరాదు. వినపడిన మరుక్షణం ఆ చెక్క కుమ్మరి సారెలా తిరుగుతుంది. మూడు నిమిషాల్లో కోడి జాడ ఉండదు.

పర్విస్ గారు నలభై ఏళ్లు ఉత్తరాలు పంచినవారు గనుక దేవునికి విన్నపాలు కూడా వీధివారీగానే బట్వాడా చేస్తారు. వర్షం కురిసినందుకు కృతజ్ఞత, కురవని జిల్లాలకు ఓదార్పు. కోడికి, గుడ్డుకు, రెండింటిలో ఏది ముందో నేటికీ బయటపెట్టని దైవవివేకానికి స్తుతి. ఆపైన ఇంటింటి కీళ్లనొప్పులు. ముప్పైయేళ్లు ప్రసంగపీఠం మీద నిలిచి సభను నిద్రపుచ్చిన నేను సైతం ఆ ధాటికి తలవంచేవాడిని. తలవంచక తప్పేదీ కాదు.

గత జూన్‌లో ఒహాయో నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ప్రార్థన పశువైద్యశాల వీధికి చేరేసరికి, ఒక కన్ను తెరిచి బెండకాయ ముక్క నోట వేసుకున్నాడు. వెర్బీనా గరిటెతో అతడి మణికట్టు మీద తట్టింది. అతడు వెళ్తూ వెళ్తూ ఫోనులో లోకానికి తీర్పు చెప్పాడు: కోడి అమృతం, ప్రార్థన అనంతం, ఐదింటికి చుక్కలు రెండు. అది చదివిన ప్రయాణికులు మా గుమ్మం ముందు ఆగకుండానే పోసాగారు.

వెర్బీనా నన్ను వంటింట్లోకి పిలిచింది. “పాస్టరుగారూ, రేపు ప్రార్థన మీరు చెయ్యండి. ఒక్క నిమిషం. గ్రేవీ మీద పొగ ఉండగానే ఆమెన్ పడాలి. పర్విస్ బాబాయ్‌కి నేను చెప్పేశాను.”

పదవి పోయినవారిని ఓదార్చడం మా వృత్తిధర్మం. ఆ సాయంత్రమే పర్విస్ గారి ఇంటికి వెళ్లి అణకువ అనే సద్గుణాన్ని గూర్చి మూడు భాగాలుగా ఉపన్యసించాను. ఆయన ఓపికగా విని, రేపు ప్రార్థనకు కళ్లు మూసుకునే ముందు ఒకసారి కిటికీ వైపు చూడమని మాత్రమే కోరారు.

మరునాడు గంట మోగాక బల్ల దగ్గర లేచి నిలబడి కిటికీలోంచి చూశాను. వీధి చివర జెనోబియా టేట్ అమ్మగారు నడకచట్రం ఊతగా వస్తున్నారు. ఎనభై తొమ్మిదేళ్ల మా బడిపంతులమ్మ. ఊరిలో సగంమందికి అక్షరాలు నేర్పి, తక్కిన సగాన్ని ఆలస్యానికి శిక్షగా గుమ్మం బయట నిలిపిన మహాతల్లి. తాను జన్మలో దేనికీ ఆలస్యంగా రాలేదని ఆమె దృఢవిశ్వాసం. ఇంటి నుంచి బయలుదేరే వేళ ఏనాడూ మార్చుకోలేదు. అడుగు మాత్రం ఏటికేడు కురచైంది. మేము కళ్లు తెరిచేసరికి గుమ్మం పక్క కుర్చీలో ఉండేవారు గనుక, ఎప్పుడు వచ్చారని ఎవరమూ ఆలోచించలేదు.

“పోయినేడు నేను జ్వరంతో పడుంటే, ఆవిడొచ్చేసరికి గిన్నెలు తిరుగుతున్నాయంట,” అన్నారు పర్విస్ గారు నా చెవిలో. “ఆకలి లేదని వెనక్కెళ్లిపోయింది. మూడు వారాలు మళ్లీ రాలేదు. ఒంటిదానికి ఏం వండుకుంటుంది చెప్పండి? కారెక్కమంటే కసురుద్ది. తన కోసం మనం ఆగామని తెలిసినా రాదండీ.”

వెర్బీనా గడియారం చూసుకొని దగ్గింది. నేను కళ్లు సగమే మూసి, సృష్టి మొదటి దినాన వెలుగు కలిగినందుకు స్తోత్రంతో ఆరంభించాను. జలప్రళయం దాటేసరికి అమ్మగారు మంగలి దుకాణం దాటారు. ఎడారి ప్రయాణం మొదలుపెట్టేసరికి పోస్టాఫీసు ముందు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. నేనూ ఇశ్రాయేలీయుల చేత అక్కడే గుడారాలు వేయించాను. ప్రయాణికులు నిట్టూర్చారు. మండిపడుతూ వచ్చిన వెర్బీనా నా చూపు వెంట తానూ కిటికీలోంచి చూసింది. గ్రేవీ గిన్నె తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టింది.

తలుపు కిర్రుమంది. కుర్చీ జరిగింది. ఆమెన్.

జెనోబియమ్మగారు చేతిరుమాలు ఒళ్లో పరచుకున్నారు. “ఈ పూట ప్రార్థన ఎంత క్లుప్తంగా ఉందో. చూసి నేర్చుకో, లెమ్యూల్.”

“అలాగే, టీచరమ్మా,” అని ఆయన కోడి గిన్నెను ముందుగా ఆమె వైపు తిప్పారు.

ఆ మరునాడే వెర్బీనా ప్రార్థనను మళ్లీ ఆయనకు అప్పగించింది. వేడి గిన్నెలు మాత్రం ఇప్పుడు ఆమెన్ తరువాతే బల్ల ఎక్కుతున్నాయి.

లెమ్యూల్ పర్విస్ గారు నిండు నూరేళ్లు వర్ధిల్లుదురు గాక. ఆయన ఇల్లాలు, బిడ్డలు, బిడ్డల బిడ్డలు ఏ గడపకు వెళ్లినా, వారు వచ్చి కూర్చునేదాకా అక్కడ ఎవరో ఒకరు దేవునితో మాట్లాడుతూ ఉందురు గాక.