అలవాట్లు ఏమీ లేవు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో, ఎముకల వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కడియం నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే వీర్రాజు, లోడు ఎక్కిస్తూ లారీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెంట భార్య మంగ, తల్లి వచ్చారు.

చేర్చుకునేటప్పుడు హిస్టరీ తీసుకుంటాం. అంటే పాత జబ్బులు, వాడే మందులు, అలవాట్లు అడిగి రాసుకోవడం. "తాగుతారా?" అని అడిగాను. వీర్రాజు గోడవైపు తిరిగాడు.

"అబ్బే, ముట్టరండి," అంది మంగ.

"మా ఇంటా వంటా లేదమ్మా," అంది తల్లి.

మా వార్డులో ఈ ప్రశ్నకి జవాబిచ్చేవాళ్లంతా బుద్ధిమంతులే. అలవాట్లు ఏమీ లేవని రాసుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. చేరిన మూడో రోజు మధ్యాహ్నానికి వీర్రాజుకి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. ఎక్కడున్నాడో తెలియడం లేదు. సెలైన్ ట్యూబుని దుప్పటి అంచుకి చుట్టి ముడివేస్తున్నాడు.

"మామిడంట్లండి, గట్టిగా కట్టాలి. లారీ వచ్చేసిందండి, కవర్లందుకోండి," అన్నాడు నాతో. సూది ఊడి రక్తం కారుతున్నా చూసుకోలేదు. చూస్తుంటే నాకే భయం వేసింది.

తలకి దెబ్బ తగిలిందేమోనని డాక్టరుగారు స్కాన్ తీయించారు. అందులో ఏమీ లేదు. గుండె వేగం మాత్రం పెరిగిపోతోంది. "తాగుడు సంగతి మళ్లీ అడగండి సిస్టర్, విడిగా," అన్నారాయన.

మంగని డ్రెస్సింగ్ రూములోకి తీసుకెళ్లి తలుపేశాను. "ఆయన చివరిసారి ఎప్పుడు తాగారమ్మా?"

"పడ్డ రోజు పొద్దున్నేనండి," అంది తల వంచుకుని. "లేవగానే పడాలండి, లేకపోతే చేతులు ఆడవు. మా అత్తగారికి తెలీదండి. తెలిస్తే ఆవిడ బతకదని ఇన్నేళ్లూ దాచుకొచ్చాను."

"ఇంకాసేపు దాస్తే ఆయన బతకడు," అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

రోజూ తాగే ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఇలా మతి తప్పుతుంది. మేం డీటీ అంటాం. వైద్యం ఆలస్యమైతే మనిషి దక్కకపోవచ్చు. వెంటనే ఐసీయూకి మార్చి, వణుకు తగ్గించే ఇంజెక్షన్లు, విటమిన్ బీ1 మొదలుపెట్టారు. కొన్నాళ్లకి తెరిపినపడి, మంగని పేరు పెట్టి పిలిచాడు.

ఆ సాయంత్రం తల్లి వరండాలో నా దగ్గరికి వచ్చింది. "సిస్టరుగారూ, తాగుడు మానే వైద్యం కూడా చేయించండమ్మా."

"మీకు తెలుసా?"

"కన్నతల్లిని, వాసన తెలీదా? నాకు తెలీకూడదని కోడలు నానా అవస్థా పడుతోంది. ఆ రోజు మీరడిగినప్పుడు నేను బయటపెడితే దాన్ని అబద్ధాలకోరుని చేసినట్టవదూ? పాపం, సిగ్గుతో చచ్చిపోతుందని నేనూ లేదనేశాను."

ఆవిణ్ణి తీసుకెళ్లి మంగ పక్కన కూర్చోబెట్టాను. మీరిద్దరూ మాట్లాడుకోండని చెప్పి వచ్చేశాను. డిశ్చార్జి రోజున తాగుడు మాన్పించే డాక్టరుగారి దగ్గరికి ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని తీసుకెళ్లారు. మానేశాడో లేదో నాకు తెలియదు.

ఒకరి మనసు ఒకరు కష్టపెట్టకూడదనుకున్నారు ఆ అత్తాకోడళ్లు. వీర్రాజు ప్రాణం మీదికి తెచ్చింది ఆ మర్యాదే. అప్పటినుంచి ఆ ప్రశ్న నలుగురిలో అడగను. విడిగా తీసుకెళ్లి, చివరిసారి ఎప్పుడు తాగారనే అడుగుతాను. ఇంటా వంటా లేదన్నవాళ్లని మళ్లీ ఇంకోసారి అడుగుతాను.