హెడ్‌సెట్‌లో అమ్మ కేక

మా అమ్మది పెద్ద గొంతు. గట్టు మండలంలోని మా ఊళ్లో జొన్నకంకి పాలు పట్టే రోజుల్లో ఆమె పొద్దున్నే చేనులోని మంచె ఎక్కేది. ఒక్క కేక వేసిందంటే మా చేను మీద వాలబోయిన పిట్టలు పక్క చేను కూడా దాటి పోయేవి. పక్క చేనువాళ్లు కాపలా పని మా అమ్మ గొంతుకు వదిలేసి కలుపు తీసుకునేవాళ్లు. కన్ను కూడా అంతే. "అగో, ఒడ్డు కాడ జొన్న ఊగుతున్నది. గాలి లేదు గద, పంది దిగింది" అనేది. మేమెంత కళ్లు చించుకున్నా ఏమీ కనబడేది కాదు. కాసేపటికి నిజంగానే పంది బయటపడేది.

నేను డిగ్రీలో చేరినప్పుడు గద్వాలకు వచ్చాం. అన్న అప్పటికే అక్కడ టీవీలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తున్నాడు. నాన్న భూమి చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. అమ్మ, అన్న, నేను రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. ఇంటి ఓనరమ్మ పై అంతస్తులో ఉండేది. మనిషి మంచిదే. కానీ మొదటి వారంలోనే మెట్ల మీద నిలబడి, "ఏమమ్మా, జర మెల్లగ మాట్లాడరాదు? మీ ఇంట్ల ఏం కూరనో గల్లీకంత తెలుస్తున్నది" అంది. నేనూ అన్నా నవ్వాం. అమ్మ నవ్వలేదు.

నిజం చెప్పాలంటే ఓనరమ్మ ఒక్కసారే అంది. నేను వందసార్లు అన్నాను. బస్సులో, బట్టల కొట్లో, ఫోన్లో నాన్నతో మాట్లాడేటప్పుడు, "అమ్మా, మెల్లగ" అంటూ మోచేత్తో పొడిచేదాన్ని. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయిల తల్లులు నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు మాట్లాడేవాళ్లు. మా అమ్మా అట్లా ఉంటే బాగుండునని నాకు. ఆరు నెలలు తిరిగేసరికి అమ్మ నిజంగానే మెల్లగా మాట్లాడడం నేర్చుకుంది. మెల్లగా అంటే అసలు మాట్లాడడమే తగ్గించింది. నాకది గొప్ప మార్పుగా కనబడింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో. అన్న దుకాణం సామాన్ల కోసం హైదరాబాద్ పోయి పాత గేమ్ డబ్బా ఒకటి సంచిలో వేసుకుని వచ్చాడు. టీవీకి తగిలించి ఆడేది. రెండు రిమోట్లు, చెవికి పెట్టుకుంటే నోటి ముందు చిన్న మైకు ఉండే హెడ్‌సెట్ ఒకటి. ఆ మధ్యే మా వీధికి ఫోన్ లైను మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఆ తీగ డబ్బాకు పెడితే ఎక్కడెక్కడివాళ్లతోనో కలిసి ఆడొచ్చు, ఆడుతూ మాట్లాడొచ్చు.

"ఎవల్తోని మాట్లాడుతవు రా?" అని అడిగింది అమ్మ.

"ఎవలైనా సరే అమ్మా. అమెరికావోడైనా, అమ్రాబాదోడైనా."

తీరా ఆడితే అమెరికావాడూ దొరకలేదు, అమ్రాబాద్‌వాడూ దొరకలేదు. మేం ఆడింది ముగ్గురు ముగ్గురుగా రెండు జట్లు కట్టే ఆట. గుట్టలు, పొదలు, రెండు చివర్లా రెండు కోటలు. అవతలి కోటలోని జెండా ఎత్తుకొచ్చి మన కోటలో పాతాలి. దారిలో తుపాకులతో కాపు కాస్తారు. టీవీని పైన సగం అన్నకు, కింద సగం నాకు పంచి మేమిద్దరం ఒకే డబ్బా మీద ఆడేవాళ్లం. మూడో మనిషిని ఆటే ఎక్కడినుంచో తెచ్చి కలిపేది. వాళ్లలో కొందరు ఇంగ్లీషులో, హిందీలో తిట్టి పోయేవాళ్లు. కొందరి ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినిపించేది కాదు. ఒకరోజు మాత్రం హెడ్‌సెట్ పెట్టుకున్న అన్న ఎగిరి గంతేశాడు. అవతల ఎవరో, "అరే, జర ఆగుండ్రి, చాయ్ పొంగుతున్నది" అన్నారట!

ఆయన వనపర్తిలో లెక్కల సారు. స్కూలు నుంచి వచ్చాక గంటసేపు ఆడేవాడు. దోస్తుల పట్టికలో ఆయన పేరు చేరింది. ఆయన డబ్బా వెలిగిస్తే మా టీవీలో ఆయన పేరు పక్కన పచ్చదీపం వెలిగేది. అది చూసి అన్న, "సారొచ్చిండు" అని రిమోట్ అందుకునేవాడు. ముగ్గురం కలిసి ఆడేవాళ్లం, కలిసి ఓడిపోయేవాళ్లం. సారు లెక్కలు బాగా చెప్పేవాడేమో గానీ గురి మాత్రం నా కంటే అన్యాయం.

ఒక సాయంత్రం అమ్మ మా వెనక కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి, "గా పొద కదిలింది" అంది. అన్న పట్టించుకోలేదు. పొదలోంచి ఒకడు లేచి అన్నను కాల్చేశాడు. మళ్లీ మొదలుపెట్టాం. "బండెనక నీడ ఉన్నది" అంది. ఈసారి నేను పోయాను. మూడోసారి అమ్మ, "కొడుకా, కుడి పక్కకు తిరుగు" అనగానే అన్న ఆలోచించకుండా తిరిగి కాల్చాడు. అవతలివాడు పడిపోయాడు. అన్నా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మంచె మీద ఇరవై ఏళ్లు కూర్చున్న కన్ను అది. ఆటేమిటో అమ్మకు తెలియదు. కదలకూడనిది కదిలితే మాత్రం తెలుస్తుంది.

హెడ్‌సెట్‌లోంచి నాకూ వినబడేంత గట్టిగా సారు, "ఎవరు గది? ఎన్కనుంచి చెప్తున్నది?" అని అడిగాడు.

"మా అమ్మ సారు."

"నువ్వు తీసి ఆమెకు పెట్టు ముందు!"

అన్న హెడ్‌సెట్ తీసి అమ్మ తలకు పెట్టాడు. అమ్మ కొంగు సర్దుకుంది. సారు ఏమన్నాడో గానీ, "ఆఁ, చెప్తున్న సారు" అని గొణిగింది. ఆట మొదలైంది. అమ్మ ఏదో చెబుతోంది, పక్కనున్న నాకే వినబడడం లేదు. మాటిమాటికీ నావైపు చూస్తోంది. కాసేపటికి మైకు చేత్తో మూసి, "బిడ్డా, సారు గట్టిగ మాట్లాడమంటుండు. ఏం చెయ్యాలె?" అని నన్ను అడిగింది.

మాట్లాడడానికి మా అమ్మ నా అనుమతి అడుగుతోంది.

"గట్టిగనే చెప్పమ్మా. ఎంత గట్టిగనన్నా చెప్పు" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి టీవీ వైపు తిరిగింది. "సారూ! మీ ఎన్కనే ఉన్నడు!" అని కేక వేసింది. కిటికీ రెక్కలు అదిరాయి. వనపర్తిలో తన మోచెయ్యి తగిలి చాయ్ గ్లాసు పడిందని సారు తర్వాత చెప్పాడు. కానీ వెనక్కి తిరిగి కాల్చాడు, తగిలింది. ఆ రోజు మొదటిసారి గెలిచాం.

మర్నాడు నేనే పైకి పోయి ఓనరమ్మతో, "అమ్మా, ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ కేకలేస్తది. రెండు గంటలు ఓర్సుకోవాలె" అని చెప్పాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, "ఎవలి మీద?" అంది. ఆట గురించి చెప్పాను. అర్థమైందో లేదో, సరేనంది.

రెండు నెలల్లో మా జట్టు పేరు కొంచెం పాకింది. ఒక ఆదివారం ఆటకు ముందు అందరూ చేరే గదిలో హైదరాబాద్ కుర్రాళ్లు ముగ్గురు తగిలారు. ఆ గదిలో రెండు జట్ల మాటలూ అందరికీ వినబడతాయి, ఆటలోకి పోయాక మాత్రం ఎవరి జట్టు మాట వాళ్లకే. అన్న టీవీలోంచి కూడా వినబడేటట్టు పెట్టాడు. వాళ్ల నాయకుడి పేరు పక్కన పులిబొమ్మ ఉండేది. అమ్మకు ఆ ఇంగ్లీషు పేర్లు చదవరాదు కాబట్టి బొమ్మలతోనే గుర్తుపెట్టుకునేది. అమ్మ గొంతు వినగానే పులిబొమ్మ పకపకా నవ్వి, "ఆంటీ, వంట అయిపోయిందా? ఇటొచ్చిన్రు?" అన్నాడు.

నాకు చెవులు కాలిపోయాయి. అన్న ఏదో అనబోయాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "అయింది నాయినా. జొన్నరొట్టె, పుంటికూర. నువ్వు తిన్నవా?" అని అడిగింది.

"లే... లేదు ఆంటీ" అన్నాడు పులిబొమ్మ. వాడి దోస్తులే వాడిని చూసి నవ్వారు. దాంతో ఉడుక్కుని, "మూడాటలు ఆడుదాం. దమ్ముంటే రండి" అన్నాడు. సారు వనపర్తి నుంచి, "వస్తం" అన్నాడు.

మొదటి ఆట ఘోరంగా ఓడిపోయాం. తప్పు మాదే. అమ్మ టీవీ మీద చూసి "పైన పైన" అంటే అన్న సగం తెర అని ఆమె ఉద్దేశం. సారేమో ఆకాశం వైపు చూశాడు. "కింద" అంటే నేను నేల వైపు చూశాను. అన్న విసుగ్గా రిమోట్ మంచం మీద పడేశాడు.

"ఆగు కొడుకా, పరేషాన్ గాకు" అంది అమ్మ. "పైన, కింద అంటే ఎవలికీ సమజైతలేదు. మన చేన్ల లెక్క పేర్లు పెడ్తాం." టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. "సారూ, ఇనుండ్రి. కోట ముందల ఉన్నది నల్లబండ. నీళ్లు లేని పల్లం ఒర్రె. గా మట్టిగడ్డ ముసలోని దిబ్బ."

"ముసలోడు ఎవరక్కా?" అని అడిగాడు సారు.

"మా మామ. గట్లనే వంగి ఉండె."

సారు బడిపిల్లాడిలా మూడు పేర్లూ తిరిగి అప్పజెప్పాడు. నల్లబండ, ఒర్రె, ముసలోని దిబ్బ. రెండో ఆటలో అమ్మ నోటివెంట ఆ పేర్లు తప్ప ఇంకోమాట రాలేదు. "దిబ్బెనక ఇద్దరు!" అంటే సారూ అన్నా రెండు పక్కల నుంచి కమ్మేశారు. హైదరాబాద్ వాళ్లకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపల జెండా మా కోటలో ఉంది.

మూడో ఆటకు కరెంటు భయం పట్టుకుంది. కోత వేళకు ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. వాళ్లూ ఈసారి జాగ్రత్తగా ఆడారు. చాలాసేపు ఎటూ తేలలేదు. సారు ప్రాణానికి తెగించి వాళ్ల కోట వాకిట్లోకి పోయి ఇద్దరిని తన వెంట తిప్పుకున్నాడు. ఆ సందులో నేను లోపలికి దూరి జెండా ఎత్తాను. జెండా ఉన్నవాళ్లు కాల్చలేరు, ఉరకడమే.

"బిడ్డా, ఒర్రెల పండుకో!"

పండుకున్నాను. నా తల మీదుగా ఒకడు దాటిపోయాడు.

"కొడుకా, నల్లబండ! కొసకున్నడు, కొసకు!"

అన్న కాల్చాడు. పులిబొమ్మ పడిపోయాడు. అప్పుడు అమ్మ లేచి నిలబడింది. ఒళ్లోని పల్లికాయలన్నీ నేల మీద చిందాయి. "ఉరుకు బిడ్డా! ఉరుకు!" అని వేసిన కేక, గద్వాలకు వచ్చాక ఆమె నోటివెంట నేను వినని కేక. గుమ్మంలోంచి ఇంకో గొంతు, "ఉరుకు! ఉరుకు!" అంది. చూస్తే ఓనరమ్మ! ఎప్పుడు దిగి వచ్చిందో. ఉరికాను. మా కోట వాకిలి, మెట్లు, జెండా గుంత. పాతాను.

టీవీలో గెలుపు అక్షరాలు పడ్డాయి. అన్న నన్ను ఎత్తి తిప్పాడు. హెడ్‌సెట్‌లో సారు ఇంట్లో వాళ్లావిడ చప్పట్లు కూడా వినబడుతున్నాయని అమ్మ చెప్పింది. మళ్లీ అందరం ఆ గదిలో కలిశాం. తర్వాత పులిబొమ్మ, "అమ్మా" అన్నాడు. ఆంటీ కాదు. "మీరు గట్ల ఎట్ల చూస్తున్నరు?"

"నీ తీరుగ తినక ఆడితే కండ్లు కనబడయి నాయినా. పో, తిని రా" అంది అమ్మ. ఈసారి ముగ్గురూ మనస్ఫూర్తిగా నవ్వారు. వెంటనే టీవీలో గంట మోగింది. దోస్తుల పట్టికలో చేర్చుకోమని పులిబొమ్మ అడిగాడు. ఏ మీట నొక్కాలో నేను చూపించాను, అమ్మే నొక్కింది.

ఆ తర్వాతి నెలలో పులిబొమ్మ ఒకరోజు హడావుడిగా వచ్చాడు. బెంగళూరు జట్టొకటి వాళ్లను వరసగా ఓడిస్తోందట. "అమ్మా, మా దిక్కు నుంచి మీరు చెప్పాలె" అని బతిమాలాడు. అన్న, సారు, పులిబొమ్మ ఆడారు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఆటకు ముందు బెంగళూరు వాళ్లు తమలో తాము కన్నడంలో ఏదో ఎత్తు వేసుకుంటున్నారు, ఎవరికీ తెలియదనుకుని. అమ్మ వింటూ కూర్చుంది. ఎద్దుల కోసం, విత్తనాల కోసం రాయచూరు వైపు సంతలకు పోయి వచ్చిన మనిషి, కన్నడం ఆమెకు కొత్త కాదు. అంతా విన్నాక మైకు నోటి దగ్గరికి లాక్కుని, "తమ్మా, గాబరి ఆగబ్యాడ్రి, నిధాన ఆడ్రి" అంది. కంగారు పడొద్దు, నిదానంగా ఆడండని.

అవతల గుండెలు జారిన చప్పుడు మాకు వినబడినంత పనైంది. వాళ్ల ఎత్తు మొత్తం బయటపడిపోయింది. ఆ ఆట పావుగంటలో ముగిసింది, గెలిచింది మేమే. ఓడిపోయిన కుర్రాడొకడు, "ఎవరీ అమ్మ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మా అమ్మ" అన్నాడు పులిబొమ్మ, ఛాతీ విరుచుకున్నట్టు.

"అరె, మా అమ్మ!" అని అన్న టీవీ మీదికి లేచాడు. అమ్మ మైకు పక్కకు కూడా జరపకుండా విరగబడి నవ్వింది. ఆ నవ్వు ఆ పూట వనపర్తిలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో ఒకేసారి వినబడింది.