ఆరు బల్బుల ఇంట్లో పన్నెండు

వీధిలో అందరూ అతన్ని లైట్లాయన అంటారు. ఫోనులో నొక్కితే వెలిగే దీపాలు, మాట చెబితే ఆరే దీపాలు ఇళ్లలో బిగించడం, అవి మొరాయిస్తే వచ్చి దారికి తేవడం అతని పని. మనిషి మెత్తన, పని గట్టి. అలాంటివాడి సొంతింట్లో దీపాలు ఎలా ఉండాలి? చెప్పిన మాట వినాలి కదా! వినవు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అన్నారా?

అతని భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. పోనీ కూర్చుని ఏడ్చాడా అంటే అదీ లేదు. లోపలెక్కడో మొద్దుబారిపోయాడు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది చూడండి, అలా ఉంది అతని బతుకు. లేస్తాడు, వండుతాడు, పనికి పోతాడు, వస్తాడు, వండుతాడు. ఉప్పు ఎక్కువైనా తెలీదు, తక్కువైనా తెలీదు. తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు ఉన్నారు గానీ, ఆవిడ పైకి అనదు.

ఆవిడ అతని అత్తగారు. వినికిడి పూర్తిగా పోయాక కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆ కూతురు పోయింది, ఈవిడ ఉండిపోయింది. మాట స్పష్టంగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. వెనకనుంచి పిలిస్తే మాత్రం పక్కన పిడుగు పడ్డా తిరగదు. అందుకని కూతురు ఒక ఏర్పాటు చేసింది. వంటింట్లో ఒక బటను, వీధి తలుపు పక్కన ఒక బటను. వంటింటిది నొక్కితే ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారి మినుక్కుమంటాయి, భోజనానికి రమ్మని. వీధి తలుపుది నొక్కితే రెండుసార్లు, ఎవరో వచ్చి బెల్లు కొట్టారని.

చేతిలో తాళంచెవి ఉన్నా ఆ కూతురు బెల్లే కొట్టేది. "తలుపు తీయడం అమ్మకి ఇష్టమండీ, మీ సొమ్మేం పోయింది?" అనేది మొగుడితో. అతను మాత్రం, పెద్దావిడని లేపడం ఎందుకులే అని తాళంచెవితో పిల్లిలా లోపలికొచ్చేవాడు. ఇప్పటికీ అంతే. చుట్టపక్కాలు తోసుకుంటూ వచ్చే ఇల్లు కాదది. కాబట్టి దీపాలు రెండుసార్లు వెలిగాయంటే ఆవిడకి తెలిసిన అర్థం ఒక్కటే: కూతురు వచ్చింది.

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, సరుకుల లారీల మీద పని, నెలలో సగం దారిలోనే ఉంటాడు. మధ్యాహ్నం లైట్లాయన వంట ముగించి, బటను నొక్కి, గరిటె కోసం వెనక్కి తిరిగాడు. పట్టపగలు దీపాలు మినుక్కుమంటే చూసేదెవరు? బావమరిది ఫోనులో తల దూర్చి ఉన్నాడు, పైగా ఆ ఒకట్లూ రెండ్లూ అతనికి తెలియవు. అత్తగారు గదిలోంచి వచ్చింది. భోజనాల బల్ల దాటి నేరుగా వీధి తలుపు దగ్గరికెళ్లి గడియ తీసింది. మెట్లవైపు చూసింది. కాసేపు అలాగే నిలబడి, తలుపేసి వచ్చి కూర్చుంది.

"ఎక్కడికెళ్లావమ్మా?" ఎదురుగా వంగి అడిగాడు కొడుకు.

"ఎవరో బెల్లు కొట్టారు."

"ఎవరూ కొట్టలేదమ్మా! మేమిక్కడే ఉన్నాంగా."

"కొట్టార్రా" అంది ఆవిడ, కంచం దగ్గరికి లాక్కుంటూ.

భోజనాలయ్యాక ఇద్దరూ బాల్కనీలోకి వెళ్లి అద్దాల తలుపు మూసుకున్నారు.

"రోజూ ఇంతేనా బావా?"

"రోజూ ఇంతే. పూటపూటా."

"ఎప్పట్నుంచి?"

"మీ అక్క పోయినప్పట్నుంచి."

బావమరిది గడ్డం రుద్దుకున్నాడు. "అమ్మకి మతి చలిస్తోంది బావా. నువ్వు పనికెళ్లాక ఇలాగే తలుపు తీసుకుని రోడ్డు మీదికి పోతే? హారన్ కొట్టినా వినపడదు. లారీల వాణ్ని, నాకు తెలీదా? పెద్దవాళ్లుండే ఆశ్రమం ఒకటి చూశాను, శుభ్రంగా ఉంది. శనివారం బండి తెస్తా. అయినా అక్కే లేనప్పుడు నువ్వు మాత్రం ఎన్నాళ్లని చేస్తావు చెప్పు?"

"సరే" అన్నాడు లైట్లాయన.

ఆ 'సరే' విన్నవాళ్లెవరైనా ఉంటే అతన్ని భుజాలు పట్టుకుని కుదిపేద్దురు. ఏమిటయ్యా సరే? బల్బు మారుస్తారా అంటే సరే, మనిషిని పంపేద్దామా అన్నా సరేనా? కానీ కోపగించుకుని ఏం లాభం, అతని దగ్గర అంతకంటే పెద్ద మాట మిగల్లేదు. కొడుకు లోపలికెళ్లి తల్లికి సంగతి చెబుతుంటే ఆవిడ కొడుకు పెదాలు చూసింది, తర్వాత అల్లుడి ముఖం చూసింది. అల్లుడు కిటికీ చూశాడు. "మీ ఇష్టం" అంది ఆవిడ. మర్నాటికి ఆవిడ మంచం పక్కన సంచీ, అందులో మడతపెట్టిన బట్టలూ కనిపించాయి.

గురువారం సాయంత్రం కుట్టు నేర్పే టీచరమ్మ ఇంటి నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని రుసరుసలాడుతోంది.

"లైట్లాయనా, మా ఇంట్లో దయ్యం దూరిందయ్యా! ఒక్కసారి నొక్కితే ఆరి, వెంటనే మళ్లీ వెలుగుతోంది. దీనికంటే మా ఆయనే నయం, పది చెబితే ఒకటి చేస్తాడు. ఇది ఒకటి చెబితే రెండు చేస్తోంది!"

అతను ఆవిడ ఫోను తీసుకుని చూశాడు. ఇలాంటివి వందసార్లు చూసినవాడే, చెప్పిందే చెప్పడం మొదలుపెట్టాడు. "దయ్యం కాదమ్మా. ఒకే బల్బు రెండు పేర్లతో రెండుసార్లు నమోదైంది. మొదట్లో కంపెనీవాళ్ల క్లౌడుకి, అంటే నెట్ మీద ఎక్కడో ఉండే వాళ్ల కంప్యూటరుకి కలిపారు. తర్వాత నెట్ లేకపోయినా దీపాల్ని నడిపే ఈ పెట్టె ఇంట్లోనే పెట్టించుకున్నారు. పాతది తీయలేదు. మీరొక మాట చెబితే పెట్టె నేరుగా బల్బుకి చెప్పేస్తుంది. అదే మాట క్లౌడు దాకా పోయి, ఊరు చుట్టి, కాస్త ఆలస్యంగా మళ్లీ వస్తుంది. బల్బుకేం తెలుసు పాపం, ఎవరు చెప్పినా చేస్తుంది."

"అంటే ఒక్కసారి పిలిస్తే రెండుసార్లు పిలిచినట్టన్నమాట!" నవ్వింది టీచరమ్మ.

అతను నవ్వలేదు. పని ముగించాడు, వస్తానని చెప్పాడు, కిందికొచ్చి స్కూటరు మీద కూర్చుని తాళం తిప్పకుండా ఉండిపోయాడు.

భార్య ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఇంట్లో నెట్ మాటిమాటికీ పోయేది. నెట్ లేకపోతే క్లౌడు లేదు, దీపాలు మినుక్కుమనవు, అత్తగారు గదిలోనే కూర్చుండిపోయేది. అందుకని ఒక పెట్టె పట్టుకొచ్చి, ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తిరుగుతూ హడావుడిగా బిగించేశాడు. పాతది తీయలేదు. అది భార్య ఖాతా, ఆమె తిరిగొచ్చాక అడిగి తీద్దాంలే అనుకున్నాడు. ఆమె తిరిగి రాలేదు.

అంటే అతను భోజనానికని ఒక్కసారి నొక్కిన ప్రతిసారీ దీపాలు రెండుసార్లు వెలుగుతున్నాయి. పెట్టె చెప్పింది ఒకసారి, క్లౌడు చెప్పింది ఒకసారి. ఇన్ని నెలలుగా, పూటపూటా, చచ్చిపోయిన కూతురికి తలుపు తీయమని ఆ తల్లిని పిలుస్తున్నదెవరు? తనే. పైగా ఆవిడకి మతిపోయిందన్నవాడికి సరే అన్నదీ తనే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇతను రచ్చంతా గెలిచి ఇంట్లో ఇంత పని చేశాడు.

ఇంటికెళ్లి తన ఫోను తెరిచాడు. ఆరు బల్బుల ఇంట్లో పన్నెండు ఉన్నాయి. పెట్టె తెచ్చిన ఆరింటికి తను పెట్టిన పేర్లు: బల్బు ఒకటి, బల్బు రెండు. క్లౌడు నుంచి వచ్చిన ఆరింటికి ఆమె పెట్టిన పేర్లు: అమ్మ గది, వంటిల్లు, ఈయన మూల. ఒక్కొక్కటీ ఆర్పి, ఏది దేనికి జతో చూసుకున్నాడు. ఆమె పేర్లన్నీ పెట్టె బల్బులకి పెట్టాడు. బటన్లకి ఆ ఆరింటినే కట్టాడు. చివర్న క్లౌడు ఖాతా దగ్గరికొచ్చాడు. ఈ ఖాతాను తొలగించాలా అని అడిగింది ఫోను, కింద ఆమె పేరుతో సహా. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు. నొక్కాడు. పన్నెండు పోయి ఆరు మిగిలాయి.

వంటయ్యాక బటను నొక్కి, ఈసారి వెనక్కి తిరక్కుండా చూస్తూ నిలబడ్డాడు. దీపాలు ఒక్కసారే మినుక్కుమన్నాయి. అత్తగారు గుమ్మంలోకొచ్చి ఆగింది. తలెత్తి హాల్లో బల్బుని చూసింది, రెండోసారి కోసం. అది వెలుగుతూనే ఉంది. ఆవిడ వీధి తలుపు వైపు వెళ్లలేదు, బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇవాళ ఎవరూ రాలేదేం?" అంది.

అతను ఎదురుగా కూర్చుని, ఆవిడకి పెదాలు కనపడేలా మెల్లగా చెప్పాడు. "ఇన్నాళ్లూ ఎవరూ రాలేదత్తయ్యా. నేను భోజనానికి ఒకసారి నొక్కితే అది రెండుసార్లు వెలిగింది. తప్పు నాదే."

ఆవిడ మరోసారి హాల్లో బల్బు వైపు చూసింది. "నాకే పిచ్చెక్కిందేమోనని భయపడ్డాను నాయనా" అంది. "దీపమేమో వచ్చారంటుంది, తీస్తే ఎవరూ ఉండరు. అది రాదని నాకు తెలీదా? తెలుసు. కానీ పిలిస్తే లేవకుండా ఎలా కూర్చోను?"

"శనివారం మీరు వెళ్లొద్దు."

"ఆ రోజు బాల్కనీలో అద్దంలోంచి నీ పెదాలు చూశాను. సరే అన్నావు."

అతను తల దించుకోబోయి, ఆవిడకి పెదాలు కనపడాలని మళ్లీ ఎత్తాడు. చాన్నాళ్లకి మొదటిసారి సిగ్గేసింది. "అన్నాను. అనకూడదు. ఇక్కడే ఉండండి అత్తయ్యా."

"ఉప్పు ఎక్కువేస్తున్నావు" అంది ఆవిడ, కలుపుకుంటూ. "కొన్ని నెలల్నుంచీ."

భోంచేశాక బావమరిదికి ఫోను చేశాడు. "శనివారం బండి తేకు."

"అదేంటి బావా? అమ్మ మతి..."

"మతి పోయింది మీ అమ్మకి కాదు, నా బల్బులకి. భోజనానికి రా, చెబుతా."

మర్నాడు సాయంత్రం పని నుంచొచ్చి, అలవాటు చొప్పున తాళంచెవి తీశాడు. తాళం దాకా తీసుకెళ్లి ఆగాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ పక్కనున్న బటను నొక్కాడు. తలుపు కింది సందులోంచి వెలుగు రెండుసార్లు ఆడింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత మెల్లగా ఈడుస్తున్న అడుగులు. ఎంతసేపు పట్టినా కదలకుండా నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. అత్తగారు అతన్ని చూసింది, అతని వెనకాల మెట్లవైపు చూసింది, మళ్లీ అతన్ని చూసింది.

"తాళంచెవి పోగొట్టుకున్నావా?"

అతను పిడికిలి విప్పి చూపించాడు.

ఆవిడ అరచేతిలో ఉన్న తాళంచెవిని చూసి, పక్కకి జరిగి దారిచ్చింది. అతను లోపలికొచ్చాక గడియ పెడుతూ, "రేపు కూడా బెల్లే కొట్టు" అంది.