ఎడమకాలు ముందుకు వేసిన ఊరేగింపు

మా అత్త పోయింది. ముసురు పట్టిన పొద్దున, నేను పొయ్యి మీది గంజి దించి వచ్చేలోపలే పోయింది. నిర్మల్‌లో మా వాడ వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. దూరాన ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. మీ ఇంటి అద్దాల బీరువాలో నిర్మల్ కొయ్యబొమ్మ ఏదైనా ఉంటే, పిట్టో, పల్లకీ మోసేవాడో, దానికి కళ్లు పెట్టింది ఆమే కావచ్చు. ఆమె గురించి నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆమె బతికున్నన్నాళ్లూ దాన్ని ఇంటి గడప దాటనివ్వలేదు. 

నేను మెట్‌పల్లి నేతవాళ్ల పిల్లను. మా ఆయన చేతిపని చూసి మా బాపు నన్ను కులం కాని ఇంటికి ఇచ్చాడు. అప్పట్లో అది చిన్న సంగతి కాదు. మామ అప్పటికే లేడు. మా ఆయన తేలికైన పొనికి చెక్కతో బొమ్మ చెక్కేవాడు. చింతగింజల ముద్దలో చెక్కపొట్టు కలిపి చేతులూ కాళ్లూ అతికించేవాడు. సుద్ద పూత అయ్యాక బొమ్మ అత్త దగ్గరికి వచ్చేది. ఆమె ఉడుత వెంట్రుకల కుంచె పట్టుకుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. నా చేత మొదటిసారి గీత గీయించినప్పుడు అది వానపాములా వచ్చింది. ఆమె తిట్టలేదు.

“ఊపిరి బిగవట్టు పిల్లా. గీత అయినంక ఇడువు. భయమైనా గంతే, ఊపిరి బిగవడ్తే చెయ్యి వణకదు” అన్నది.

కళ్లు అన్నిటికన్నా ఆఖరున పెట్టేది. కళ్లు పెట్టిన బొమ్మ మీద మళ్లీ ఉలి గానీ కత్తి గానీ పడకూడదు. అది వాళ్ల ఇంటి కట్టుబాటు. రంగు మార్చవచ్చు, ముద్ద అతికించవచ్చు, కోయడం మాత్రం కుదరదు. మా ఆయన ఓసారి కళ్లు పెట్టిన కోతి తోక పొడుగైందని కత్తి తీస్తే, అన్నం తినకుండా కూర్చుంది. కోతి తోక కోసం ఇంత రాద్ధాంతమా అని నేను లోపల నవ్వుకున్నాను. తర్వాత ఆ కట్టుబాటే మా మెడకు చుట్టుకుంది.

ఊరి చివరి బంగళాలో నిజాం ఫౌజులో పనిచేసి దిగిపోయిన కప్తాన్ సాబ్ ఒకాయన ఉండేవాడు. ఆయనకో విచిత్రమైన సరదా. పెద్ద మేజా మీద ఆకుపచ్చ గుడ్డ పరిచేవాడు. గుడ్డ కింద పుస్తకాలు పెడితే అవి గుట్టలు. వేలెడంత సిపాయి బొమ్మలను అటూ ఇటూ బారులు తీర్చి, దోస్తుతో కలిసి పాచికలు వేస్తూ పాతకాలపు యుద్ధాలను మళ్లీ ఆడేవాడు. నిజాం ఫౌజుకూ మరాఠాలకూ ఎప్పుడో జరిగిన యుద్ధం ఆడాలని మాతో సిపాయిలను చేయించుకున్నాడు. మరాఠాలవి ముందే అందాయి. తర్వాత నిజాం వైపు బొమ్మలు మొదలయ్యాయి. ఎర్ర కోటు, ఎదురు రొమ్ము మీద అడ్డంగా తెల్ల పట్టీలు, భుజాన తుపాకి, పసుపుపచ్చ గుడ్డ జెండా, గుర్రం మీద సర్దారు, చక్రాల ఫిరంగి. కోటుకు గుండీలుగా అత్త చీపురు పుల్ల కొనతో చుక్కలు పెట్టింది.

విరిగిన చెయ్యి అతికించడానికి ఓసారి ఆమె ఆ బంగళాకు పోయి వచ్చింది. ముక్కున వేలేసుకుని చెప్పింది: “సచ్చిన సిపాయిని పక్కకు పండవెడ్తుండ్రు పిల్లా. మల్ల రేపటి ఆటకు లేపుతరట. లడాయి అంటే గట్ల ఉండాలె.”

నిజాం బొమ్మలకు కళ్లు పెట్టడం కూడా అయిపోయింది. అందించడమే మిగిలింది. అంతలో పోలీసు చర్య వచ్చి పడింది. నిజాం రాజ్యం పోయిందని కొందరు సంబరపడుతున్నారు, కొందరు తలుపులు బిగించుకున్నారు. ఎవరు ఎవరి మీద ఏం చెబుతున్నారో తెలియని రోజులు. కప్తాన్ సాబ్‌ను మిలిట్రీవాళ్లు జీపులో తీసుకుపోయారని వాడలో గుసగుసలు. ఆయన ఇంటికి వచ్చిపోయినవాళ్లెవరో అడుగుతున్నారట. బొమ్మలు పట్టుకుని వారం వారం పోయింది మా ఆయనే. మా ఇంట్లో చూస్తే, పసుపు జెండాతో నిజాం ఫౌజు బారులు తీరి ఉంది. నాకు పై ప్రాణం పైనే పోయింది.

“పొయ్యిల వెడ్త అత్తమ్మా” అన్నాను.

“రంగు కాలిన వాసన వాడంత తెలుస్తది.”

“బాయిల ఏద్దాం.”

“పొనికి చెక్క మునుగుతదా? నీళ్లకొచ్చినోళ్లందరికీ మన ఫౌజు తేలుకుంట కనవడ్తది.”

పెరట్లో పూడ్చుదామంటే, కొత్తగా తవ్విన మన్ను చూస్తే ఆయుధాలు దాచారని ముందు అక్కడే తవ్వుతారు. ఇక మిగిలింది రంగు ఒక్కటే. తలుపు దగ్గరికి వేసి అత్త ఆ ఫౌజును పెండ్లి ఊరేగింపు చేయడానికి కూర్చుంది. తెల్ల పట్టీల మీద జరీ అంగీలు వచ్చాయి. తుపాకుల కొసన చింతగింజల ముద్ద అతికిస్తే దివిటీలు. జెండాకు ముద్ద పట్టించి, గుండ్రంగా వంచి గొడుగు చేసింది. సర్దారు నుదుట బాసింగం కట్టి పెండ్లికొడుకును చేసింది. ఫిరంగికి కళ్లుండవు కాబట్టి మా ఆయన చక్రాలు కోసి పారేశాడు, అది రోకలైంది. నేను తలుపు వైపే చూస్తుంటే ఆమె గుర్రాన్ని నా ముందు పెట్టి, “పిలగాడు తయ్యారు. పిల్లేమో మెట్‌పల్లిల ఉన్నది” అన్నది. నవ్వు రాలేదు కానీ ఆ మాటతో కొంచెం ఊపిరి ఆడింది.

అప్పుడు మా ఆయన బారుగా పెట్టిన బొమ్మల్ని చూసి తెల్లబోయాడు.

“అవ్వా, అందరియి ఎడమకాళ్లే ముందున్నయ్. ఫౌజు నడిచినట్టే ఉన్నది. కాళ్లు కోసి మార్చుత.”

“కండ్లు వెట్టినంక కత్తి పెట్టద్దు.”

నాకు ఒళ్లు మండింది. అత్తకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. “గా బొమ్మల కండ్ల కోసం నా మొగన్ని పట్టిస్తవా?”

ఆమె కుంచె దింపలేదు. “నాకు వాడు కొడుకు గాదా? కోసినంక అతుకు కనవడ్తది పిల్లా. అబద్ధం అతుకు కాడనే దొరుకుతది.” కట్టుబాటు కోసం అన్నదో, పనితనం తెలిసి అన్నదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ముసురులో రంగు ఆరదు. నేను కుంపటి పెట్టి విసురుతూనే ఉన్నాను. గొడుగు పట్టినవాడికి పసుపు చివరి పూత వేసిందో లేదో, వాడ మొదట్లో జీపు ఆగింది. ఆయుధాల కోసం ఇల్లిల్లూ చూస్తున్నారు. దాచితే అనుమానమని అత్త బొమ్మల్ని చాప మీద అందరికీ కనిపించేటట్టు పెట్టింది. మా ఆయనను మూలన కూర్చోబెట్టి చేతికి ఓ చెక్క ఇచ్చింది. ఆయన దాన్ని నున్నగా రుద్దుతున్నాడు. రుద్ది రుద్ది ఆ చెక్కను ఎందుకూ పనికిరాకుండా చేశాడు.

పెద్ద మీసాల హవల్దారు లోపలికి వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు. గింజల గుమ్మి చూశాడు, కట్టెలు కదిపాడు. పోతూ పోతూ చాప దగ్గర గొంతుకూర్చున్నాడు. గొడుగువాణ్ని చేతికి తీసుకున్నాడు. తన బొటనవేలు పసుపైతే దాన్ని చూసుకున్నాడు. తర్వాత చూపు కిందికి దిగింది, బొమ్మల కాళ్ల మీదికి. బారు ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా చూశాడు.

“యే కైసీ బారాత్ హై? సబ్ కా బాయాఁ పాఁవ్ ఆగే?”

ఇదేం పెండ్లి ఊరేగింపు, అందరి ఎడమకాళ్లే ముందున్నాయేమని అడుగుతున్నాడు. మూలన చెక్క రుద్దే చప్పుడు ఆగిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్త ఊపిరి బిగబట్టడం నాకు కనిపించింది, గీత గీసే ముందు బిగబట్టినట్టే.

“బాజావాలే ఆగే హై సాబ్” అన్నది, వచ్చీరాని ఉర్దూలో. “బాజా బజే తో సబ్ కా పాఁవ్ ఏకీచ్ పడ్తా.” బాజావాళ్లు ముందు పోతున్నారని, బాజా మోగుతుంటే అందరి అడుగూ ఒక్కటిగానే పడుతుందని.

హవల్దారు తన బూట్ల వైపు ఓసారి చూసుకున్నాడు. గొడుగువాణ్ని తీసిన చోటనే, కాలు బారులో కలిసేటట్టు సరిచేసి నిలబెట్టాడు. “అచ్ఛీ బారాత్ హై, మాజీ” అని లేచి పోయాడు.

జీపు చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయాక అత్త ఊపిరి వదిలింది. తర్వాత గోడకు ఆనుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయనకేమీ తెలియలేదని మా ఆయన అంటాడు. అడుగు నడిచినవాడికి అడుగు తెలియదా అంటాను నేను. అత్తను అడిగితే, “ఎరికయ్యే పోయిండు. పోనియ్” అన్నది.

కప్తాన్ సాబ్ మళ్లీ రాలేదు. ఆయన ఏమయ్యాడో మేము ఎవరినీ అడగలేదు, అడిగే ధైర్యం లేక. బంగళాలో వేరేవాళ్లు దిగారు. ఊరేగింపు మా గూట్లోనే ఉండిపోయింది. హైదరాబాదు నుంచి కొనేవాళ్లు వచ్చి ముచ్చటపడితే, “గవి అమ్మేటియి గావు, ఒకలయి ఉన్నయ్” అనేది. బొమ్మల పనికి మంచి రోజులు వచ్చాయి, రాజ్యం పేరు మారింది, పిల్లలు పుట్టి పెద్దయ్యారు. అయినా వీధిలో జీపు ఆగితే ఆమె కుంచె గాల్లోనే ఆగేది. అది పోయేదాకా ఊపిరి వదిలేది కాదు. ఆ తర్వాత ఆమె నడిచే బొమ్మకు రంగు వేయలేదు. మా ఆయన చెక్కినవన్నీ కూర్చున్నవే, నిలబడ్డవే. నాకు గీత నేర్పింది, వంట నేర్పింది, ఎదురు మాట్లాడినందుకు ఒక్కనాడూ దెప్పలేదు. ఆమె మంచితనం చెప్పాలంటే నాకు ముందు అదే గుర్తుకు వస్తుంది.

ఆఖరి రోజుల్లో జ్వరంలో మనుషుల్ని పోల్చుకోలేదు. మందుల జీపు ఒకటి వాడలోకి వచ్చింది. ఆ చప్పుడుకు కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

“ఆరిందా పిల్లా?”

“ఆరింది అత్తమ్మా” అన్నాను. చెయ్యి వదల్లేదు. తెల్లారి పోయింది.

దినాలు అయ్యాక గూట్లోంచి ఊరేగింపు దించి దుమ్ము తుడిచాను. పెండ్లికొడుకు భుజం మీద జరీ పెచ్చు ఊడి, కింద ఎర్ర కోటు కనిపిస్తోంది. గొడుగువాడి నడుము మీద హవల్దారు బొటనవేలి గీతలు పసుపులో అచ్చుపడి ఉన్నాయి. ఆమె వాటిని ఎన్నడూ చెరపలేదు. నేనూ చెరపను. ఈ నాలుగు మాటలు రాస్తుండగా వీధిలో ఏదో బండి ఆగింది. కలం ఆపి, ఊపిరి బిగబట్టి, ఆ పసుపు మీద వేలు పెట్టి చూశాను, ఆరిందో లేదోనని.