మెయిన్ ఆపితే ఆగిపోయే పంపు

నాగాయలంక బస్సు విజయవాడ బస్టాండులో పొద్దున్నే అయిదూ నలభైకి కదిలింది. ఒళ్లో పనిముట్ల సంచీ పెట్టుకుని కూర్చున్నాను.

ముందురోజు సాయంత్రం గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో వైరింగ్ పనికని మెయిన్ ఆపాను. పైన ఫ్యాను ఆగిపోయింది. దాన్ని చూసి నిచ్చెన మీదే కొయ్యబారిపోయాను. వారం కిందట నాగేశ్వర్రావు చేపల పడవకి ఆటోమేటిక్ పంపు పెట్టి వచ్చాను. పడవ అడుగున నీళ్లు చేరితే, ఫ్లోట్ పైకి లేచి పంపు దానంతటదే తిరుగుతుంది. దాన్ని కూడా మెయిన్ స్విచ్ తర్వాతే కలిపాను. ముప్పయ్యేళ్లు ఇళ్లకి వైరింగ్ చేసిన చెయ్యి మరి, ఏదైనా మెయిన్ తర్వాతే కలుపుతుంది. కానీ పడవవాళ్లు లంగరు వేయగానే మెయిన్ ఆపేస్తారు, బ్యాటరీ అయిపోతే తెల్లారి ఇంజను స్టార్ట్ కాదని. నాగేశ్వర్రావు నా కళ్లముందే ఆపాడు కూడా. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు. అతను పడుకునేది ఆ పడవలోనే, పైగా ఇంజను దగ్గర నీళ్లు ఊరే పడవ. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

కంకిపాడులో కూరగాయల సంచీతో ఒకావిడ పక్కన కూర్చుంది. నా మొహం చూసి ఒంట్లో బాగోలేదా అనడిగింది. ఉన్నదంతా చెప్పేశాను. ఆయనకి ఈత వచ్చా అంది. వచ్చన్నాను.

"నిద్రలో ఉంటే ఈత ఏం పనికొస్తుందండీ" అంది. ఉయ్యూరులో సంచీ ఎత్తుకుని దిగిపోయింది.

చల్లపల్లిలో అందరూ ఇడ్లీలు తిన్నారు. నేను మళ్లీ ఫోన్ చేశాను, స్విచ్చాఫే. ఎనిమిదీ ముప్పావుకి నాగాయలంకలో దిగి, ఆటోలో రేవుకి పోయాను. నాగేశ్వర్రావు భార్య సుజాత వల సర్దుతోంది. నిన్న సాయంత్రం పోయినవాడు ఏడింటికల్లా రావాలట, ఇంకా రాలేదట.

"పంపు ఉందిగా భాయ్, భయమేముంది" అంది.

యా అల్లా, ఏం చెప్పను? ఆవిడకేమీ చెప్పకుండా పక్క పడవవాణ్ణి బతిమాలి ఎక్కాను.

అరగంటకి అతని పడవ కనిపించింది. అంచుదాకా మునిగి ఉంది, మనిషి జాడ లేదు. అంతలో అన్నం గిన్నె ఒకటి పైకి లేచి, నీళ్లు బయటికి విసిరింది.

"చెవికి నీళ్లు తగిలి లేచాను భాయ్" అన్నాడు నాగేశ్వర్రావు. "ఇదివరకు రాత్రికి రెండుసార్లు లేచి తోడేవాణ్ణి. మీ పంపు ఉందిగదా అని హాయిగా పడుకున్నా."

తిట్టినా బాగుండేది.

ఎత్తున ఉండబట్టి బ్యాటరీ తడవలేదు, కానీ మెయిన్ వేస్తే పంపు తిరుగుతుందని అతనికి తెలియదు. పడవని రేవుకి లాక్కొచ్చి నీళ్లన్నీ తోడేశాం. పంపు వైరుని ఫ్యూజ్ పెట్టి నేరుగా బ్యాటరీకే కలిపాను. మెయిన్ ఆపి పడవ అడుగున బకెట్టుతో నీళ్లు పోశాను. పంపు తిరిగింది. ఈ పని మీద ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే, మెయిన్ ఆపి నీళ్లు పోసి చూడకుండా మాత్రం వెనక్కి వెళ్లకండి.

తిరుగు బస్సు రెండింటికి. కిటికీ పక్కన సీటు దొరికినా కళ్లు మూతపడలేదు. వచ్చేటప్పుడు నాగేశ్వర్రావు అడిగాడు, ఇక నిద్రపోవచ్చుగా భాయ్ అని. నేను ఫ్యూజ్ మరోసారి బిగించి చూస్తుంటే సుజాత లేచి ఇంటికి వెళ్లింది. వాళ్లు నీళ్లు తోడుకునే పాత డబ్బా, పంపు వచ్చాక కోళ్లకి నీళ్లు పెట్టడానికి వాడుతోందట. ఆ నీళ్లు పారబోసి, డబ్బా తెచ్చి పడవలో పెట్టింది.

అక్కర్లేదమ్మా అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.