పసుపుకు అల్లం చుట్టరికం

ఎనభైల చివర, అడవుల్లోని నక్సలైట్లను అన్నలని పిలిచే కాలం. కోరుట్ల వైపు ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో నేను పసుపు విత్తనం ఏరే పని చేసేదాన్ని. పసుపుకు విత్తనమంటే గింజ కాదు, దుంప. వ్యవసాయ ఆఫీసరు దాన్ని రైజోమ్ అనేవాడు. తవ్వకాలయ్యాక మంచి దుంపలు ఏరి, నీడలో కుప్ప పోసి, పసుపాకు కప్పి, పేడమట్టితో అలికితే మృగశిర దాకా చెడవు.

రోహిణి కార్తెలో ఒక పొద్దున రాధవ్వ ఏడ్చుకుంటూ వచ్చింది. మొగుడు దుబాయిలో, ఎకరం చేను ఆమె ఒక్కదాని మీదే. అన్నల కోసం వెతుకుతూ వచ్చిన పోలీసులు పెరట్లో అలికిన కుప్పను చూసి, తుపాకులు పూడ్చిందనుకుని తవ్వి పారేశారట. ఆమె భయపడి కోరుట్లలో తల్లిగారింటికి పోయింది. తిరిగొచ్చేసరికి విత్తనం నాలుగు రోజులుగా ఎండలోనే పడి ఉంది.

“పోయేముందు గా నాలుగాకులన్న కప్పకపోతివా?” అన్నాను.

“పానం ముందా, పసుపు ముందా అత్తా?”

“రెండూ నీయే గదనే!”

పోయి చూస్తే దుంపలు ముడుచుకుపోయాయి. కొందామంటే ఆ ఏడు ఊళ్లో ఎవరి దగ్గరా మిగులు లేదు.

“ఉడకబెట్టి అమ్ముకుంట. ఇగ గీ యేడు చేను పడావే, బీడే” అంది రాధవ్వ.

నేను చదివింది మూడో తరగతే. కానీ ఆఫీసరు చెప్పిన ఒక మాట మరిచిపోలేదు: పసుపు, అల్లం, ఏలకులు ఒక్కటే కుటుంబం, వాటి పూలు చూస్తే తెలుస్తుందని. మా ఇంట్లో వాడిపోయిన అల్లం ముక్కను కూడా పారేయను. తడి ఇసుకలో పెడితే మొలిచేది.

“అల్లం మొలిచినప్పుడు దాని చుట్టం మొలవదా? ఆగు, పొయ్యి ముట్టియ్యకు” అన్నాను.

ఒక్కో దుంపను గోటితో గీరి చూశాం. లోపల తడి ఉన్నవి నీడలో, తడి ఇసుకలో పెట్టాం. మిగతావి ఉడకబెట్టాం. వృథా చేయడం నాకు చేతకాదు. రాధవ్వ మాత్రం రోజూ ఇసుక కెలికేది.

“పొదిగే కోడిని గిట్ల లేపుతరా? చెయ్యి తియ్యి!” అని కసిరేదాన్ని.

మృగశిర చినుకులు పడ్డాక ఒక రోజు పెరట్లోంచి కేక వేసింది. “అత్తా! కండ్లు తెరిచినయ్!”

కణుపుల దగ్గర తెల్లటి మొలకలు. అర ఎకరానికే సరిపోయాయి. మిగతా అరలో మక్కజొన్న వేసింది. భాద్రపదంలో ఆ పసుపు ఆకుల నడుమ తెల్లటి, గులాబీ రంగు పూలకంకులు లేచాయి. రాధవ్వ గట్టు మీద నిలబడి నవ్వుతుంటే, నేనూ కాసేపు పని మానేసి చూశాను.

మరుసటి ఏడు విత్తనం చాలక ఇద్దరు రైతులు ఆమె గడపకే వచ్చారు. అప్పటినుంచి పైతోలు ముడతపడిందని నేను ఏ దుంపనూ తీసిపారేయలేదు.